లైటు ఎవరు పట్టుకోవాలి

మా బాపు నాకు నేర్పిన మొదటి పని లైటు పట్టుకోవడం. ఆదివారం వచ్చిందంటే కరీంనగర్‌లో మా వాకిట్లో ఎవరిదో ఒకరి స్కూటరు విప్పి పరిచి ఉండేది. వారమంతా ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపులో బస్సు ఇంజిన్లతో కుస్తీ పట్టిన మనిషికి ఆదివారం కూడా చేతికి గ్రీజు అంటకపోతే అన్నం సయించేది కాదు. నేను పక్కన మూడు సెల్లుల టార్చి పట్టుకుని గొంతుక్కూర్చునేదాన్ని. పది నిమిషాలకే నా చూపు పిల్లి మీదికో పక్కింటి జామచెట్టు మీదికో పోయేది. దాని వెంటే లైటూ పోయేది. "లైటు నీకు గాదు బిడ్డా, బోల్టుకు గావాలె" అనేవాడు బాపు.

ముప్పై ఏళ్ళ తర్వాత డాలస్ పక్కన ఫ్రిస్కోలో, నా గ్యారేజీలో, సరిగ్గా అదే మాట బాపుతో అనబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడు పానా నా చేతిలో ఉంది, లైటు ఆయన చేతిలో ఉంది. ఆ మార్పిడి ఎలా జరిగిందో, ఎక్కడెక్కడ చెడబోయిందో ఈ అధ్యాయంలో చెబుతాను. ఇంజిన్ సంగతులు కొంచెం ఎక్కువే వస్తాయి. అవి తీసేస్తే మిగిలేవి గాలి కబుర్లు.

బాపు 1979లో ఆర్టీసీలో శ్రామిక్‌గా చేరి, 2015లో చార్జ్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు అమ్మతో కలిసి ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చాడు. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన పెద్దవాళ్ళ దినచర్య మీకు తెలియంది కాదు. పొద్దున నడక, మధ్యాహ్నం టీవీ, శనివారం గుడి, ఆదివారం ఎవరింట్లోనో భోజనం. మూడో వారానికి బాపు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే కార్లను చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏ బండి శబ్దం ఎలా ఉందో తనలో తనే అనుకునేవాడు. ముప్పై ఆరేళ్ళు పనిచేసిన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉండేవి.

నా గ్యారేజీలో మాత్రం 1992 మాజ్దా మియాటా ఒకటి దుప్పటి కప్పుకుని ఉంది. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, బోనెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లు. దుప్పటి తీసి హెడ్‌లైట్లు లేపితే బాపు చాలాసేపు చూసి, "కప్ప లెక్కున్నది" అన్నాడు. ఆ కప్పను మాజ్దా వాళ్ళు 1989లో షికాగో మోటార్ షోలో బయటపెట్టారు. పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్ల సరదా ఉండాలి, వాటిలా వారానికోసారి రోడ్డు మీద ఆగిపోకూడదు అన్నది దాని వెనకున్న ఆలోచన. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి. నాది లక్షా నలభై వేల మైళ్ళు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ పైనుంచి టిక్కుటిక్కుమని శబ్దం, హెడ్ వెనక నుంచి ఆయిల్ చుక్కలు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

మొదటి సలహా ఇక్కడే. అమ్మతోనో నాన్నతోనో కలిసి బాగుచేయడానికి, సోమవారం పొద్దున మీకు అవసరమయ్యే బండిని ఎంచుకోకండి. ఆఫీసుకు పోయే బండి విప్పి కూర్చుంటే ఆదివారం సాయంత్రానికి మీ గొంతు మారిపోతుంది. నెల రోజులు విప్పి వదిలేసినా ఎవరికీ నష్టం లేనిది కావాలి. స్పోర్ట్స్ కారే కానక్కర్లేదు. అటక మీది కుట్టుమిషన్, పెరట్లో తుప్పు పట్టిన చేతక్, తమ్ముడు అమ్మనివ్వని ఆర్‌ఎక్స్ 100, ఏదైనా సరే.

మియాటా మాత్రం ఈ పనికి చేసినట్టే ఉంటుంది. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ పొడవుగా, ముక్కు రేడియేటర్ వైపు పెట్టి కూర్చుంటుంది. ముందు నుంచి చెయ్యి పోతుంది. ఇంకో మంచి గుణం, నడుస్తుండగా టైమింగ్ బెల్టు తెగినా దీంట్లో పిస్టన్లు వాల్వులను కొట్టవు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు వంగి, హెడ్ దించాల్సి వస్తుంది. తప్పు చేస్తే క్షమించే ఇంజిన్ ఇది. పెద్దవాళ్ళతో కలిసి చేసే పనికి అలాంటిదే కావాలి.

బోనెట్ ఎత్తిన మొదటి రోజు ఒక్క బోల్టు కూడా విప్పొద్దు. వినండి. బాపు నా చేతిలోంచి పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని, మొనను వాల్వ్ కవర్ మీద ఆనించి, పిడిని చెవి కింది ఎముకకు పెట్టుకున్నాడు. ఒక్కో చోటికి జరుపుతూ పోయాడు. తర్వాత పిడి నా చెవికి పెట్టాడు. "ఇనవడ్తుందా? కింద గట్టిగున్నది. మొత్తం పైకెళ్ళే వస్తున్నది." అంత శబ్దంలో ఆ ఒక్క టిక్కు దారప్పోగులా విడిగా వినిపించింది. నేను రెండేళ్ళుగా ఆ బండి గురించి గంటలకొద్దీ వీడియోలు చూశాను. ఒక్కసారీ చెవి పెట్టి వినలేదు.

ఆ మధ్యాహ్నమే కంప్రెషన్ చూశాం. కొలిచే గేజిని విడిభాగాల షాపువాళ్ళు డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు, తిరిగిస్తే డబ్బు మొత్తం వాపసు. "పరికరం ఊకెనే ఇస్తరా?" అని బాపు రెండుసార్లు అడిగాడు. ఇంజిన్ వేడెక్కాక ఇంధనం, ఇగ్నిషన్ ఆపేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పాలి. నాలుగు సిలిండర్లూ 165, 175 పీఎస్‌ఐల మధ్య వచ్చాయి. కొత్తలో 190 చుట్టుపక్కల ఉండే ఇంజిన్‌కు, ఈ వయసులో అది మంచి ఒంటి తీరే. ఇంతకంటే ముఖ్యం, నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం. ఏదైనా ఒకటి బాగా తగ్గి ఉంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. డీజిల్‌తో బతికిన బాపుకు 170 ఆనలేదు, అక్కడ దీనికి రెట్టింపు ఉంటుంది. అయినా "బోరుకు రాలే. ఇంజిన్ దించే పని లేదు" అని తేల్చేశాడు.

మొదటి గొడవ టాపెట్ల దగ్గర వచ్చింది. టిక్కుమంటే టాపెట్ గ్యాపు పెరిగినట్టు, ఫీలర్ గేజి పెట్టి సరిచేయాలి, లేలాండ్ బస్సు ఇంజిన్లన్నిటికీ అట్లనే చేశాం అన్నది బాపు లెక్క. ఈ ఇంజిన్‌లో గ్యాపు సరిచేసే స్క్రూ అసలు లేదు. ఆయిల్ ఒత్తిడితో తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. నేను మాన్యువల్ తెచ్చి, పేజీ తీసి, వేలు పెట్టి చూపించాను. ఆయన చదివాడు. పుస్తకం మూసి నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. చెప్పిన తీరు మాత్రం పరీక్ష పేపర్లు దిద్దే పంతులమ్మ తీరు. పెద్దవాళ్ళ అనుభవానికీ పుస్తకానికీ పేచీ వచ్చినప్పుడు పుస్తకాన్ని సాక్షిగా పిలవకండి. ఇంజిన్నే అడగండి. మర్నాడు పొద్దున బండి స్టార్ట్ చేసి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. పది నిమిషాలకు టిక్కు తగ్గింది, ఇంకో పది నిమిషాలకు దాదాపు పోయింది. బాపే అన్నాడు: "ఏడెక్కితే పోతున్నదంటే గ్యాపు గాదు. నూనె పైకెక్కుతలేదు. పాత నూనె జిగటబట్టింది." అక్షరాలా అదే. మంచి ఆయిల్ పోసి, నాలుగైదు రోజులు తిప్పి, మళ్ళీ మార్చాక శబ్దం ముప్పావు వంతు పోయింది. మాన్యువల్‌లో లిఫ్టర్ ఉందని ఉంది. దాని గొంతులో జిగట అడ్డం పడిందని ఆయన చెవికి తెలిసింది.

ఇక సామాను సంగతి. విప్పిన బోల్టులు పెట్టుకోవడానికి అయస్కాంతం పళ్ళేలు అమ్ముతారు. మా అమ్మ పాత ఇడ్లీ స్టాండు తెచ్చిచ్చింది. ఒక్కో ప్లేటు ఒక్కో విడత: పై ప్లేటులో వాల్వ్ కవర్‌వి, దాని కింద బెల్టు కవర్లవి, ఆ కింద వాటర్ పంపువి. గుంటకు ఇన్ని బోల్టులు, పొడుగూ పొట్టీ కలవకుండా. ఏ పళ్ళెమూ దీనికి సాటి రాదు. ఒక్కటే హెచ్చరిక, ఆ స్టాండు మళ్ళీ వంటింట్లోకి పోదు.

పానాల విషయంలో నాకు బాపు భాషే మేలనిపించింది. మన దగ్గర పానాలు జంటలుగా వస్తాయి కదా: పది-పదకొండు, పన్నెండు-పదమూడు, పద్నాలుగు-పదిహేను. జపాన్ బండిలో దాదాపు అంతా పది, పన్నెండు, పద్నాలుగే. "పన్నెండు-పదమూడు ఇయ్యి" అని ఆయన చెయ్యి చాపితే నా చెయ్యి దానంతట అదే కదిలింది. వయసులో ముప్పై ఏళ్ళు చెరిగిపోయాయి.

భద్రత గురించి మొహమాటపడకండి. మన ఊళ్ళలో బండి కింద ఇటుకలు, రాళ్ళు పెట్టి దూరిపోయే అలవాటుంది. సిమెంటు ఇటుక ముందుగా చెప్పి పగలదు. జాకీ ఎత్తడానికే, ఎత్తాక బండి స్టాండ్ల మీద నిలబడాలి. బాపు వర్క్‌షాపు మనిషి కాబట్టి ఇందులో నాకంటే కఠినం. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయమన్నాడు, తీద్దామని బోనెట్ కింద అంతా వెతికాడు. మియాటాకు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అది చూసి ఆయన నవ్విన నవ్వు ఆ నెలలో మొదటిది. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. తీసిన కూలెంట్‌ను గిన్నెలో అలా వదిలేయొద్దు, తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగి చస్తాయి. పాత ఆయిల్‌ను కాలవలో పోయకుండా డబ్బాలకెత్తి తీసుకునేచోట ఇవ్వండి.

రోజుకు రెండు గంటలే పని. షుగర్ ఉన్న అరవై ఎనిమిదేళ్ళ మనిషి పనిలో పడితే ఆకలి చెప్పడు. అమ్మ పదకొండింటికి మజ్జిగ గ్లాసుతో గ్యారేజీ గుమ్మంలో నిలబడితే ఆ పూటకు పానాలు కింద పెట్టాల్సిందే. ఎత్తు తక్కువ స్టూలు ఒకటి కొనండి, మోకాళ్ళ గురించి మాట్లాడకుండానే పనవుతుంది. "మీరిద్దరు రెండు గంటలల్ల నాలుగు ముక్కలన్నా మాట్లాడుకున్నరా?" అని అమ్మ అడిగేది. లెక్కపెడితే అన్నే ఉంటాయేమో. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో క్వాలిటీ టైమ్ అని ఒక మాట తెగ వాడతారు, అందులో మాటలు ధారాళంగా ప్రవహిస్తుంటాయి. మా గ్యారేజీలో ప్రవహించింది ఆయిల్ ఒక్కటే.

టైమింగ్ పెట్టే రోజు మాత్రం గట్టిగానే మాట్లాడుకున్నాం. పాత బెల్టు, వాటర్ పంపు, ముందున్న ఆయిల్ సీళ్ళు తీసేశాం. పైన రెండు క్యామ్ పుల్లీలు పక్కపక్కన ఉంటాయి, ఒకదానికి ఇంగ్లీషు I గుర్తు, ఇంకోదానికి E గుర్తు చూడాలి. రెండు గుర్తులూ పైకి చూస్తున్నప్పుడు వాటి మధ్య బెల్టుకు సరిగ్గా 19 పళ్ళు ఉండాలి. నేను లెక్కపెడితే ఇరవై వచ్చాయి. మళ్ళీ పెట్టాను, ఇరవై. బాపు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గోటితో ఒక్కో పన్నూ తాకుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి "పందొమ్మిదే" అన్నాడు. నేను గుర్తున్న పన్నును మొదట్లోనూ కలిపాను, చివర్లోనూ కలిపాను. "గుంజ కాడ నిలవడి గుంజను లెక్కవెడ్తరా?" అన్నాడు. ఆ తర్వాత స్టార్టర్ జోలికి పోనివ్వలేదు. క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించాడు. ఎక్కడా తగలకుండా, పట్టకుండా తిరగాలి, తిరిగొచ్చాక మళ్ళీ లెక్క చూడాలి. మళ్ళీ 19. ఈ ఇంజిన్‌కు తప్పయినా ప్రాణం పోదని చెప్పాను. "దీనికి పోదు. నీకు ఆదతు అయితది గదా" అన్నాడు. ఆ చివరి మాట కోసమే ఈ పేరా రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. వాల్వ్ కవర్ కొత్త గాస్కెట్‌తో బిగిస్తున్నాం. హెడ్ అల్యూమినియం, బోల్టులు చిటికెన వేలంత. బిగువు దాదాపు 5 నుంచి 9 న్యూటన్ మీటర్లు చాలు, అంటే చిన్న రాట్చెట్‌ను రెండు వేళ్ళతో తిప్పినంత. నేను టార్క్ రెంచి అందించాను. "నా చెయ్యే గేజి" అని బాపు పక్కన పెట్టాడు. బస్సు నట్లకు అలవాటుపడ్డ చెయ్యి. నాలుగో బోల్టు దగ్గర చిన్నగా కిర్రుమంది. తర్వాత పానా వెన్నలో తిరిగినట్టు తిరిగింది. మర పోయింది.

ఆయన బోల్టు బయటికి తీసి చూశాడు. దాని గాడిలో వెండి తీగలాంటి అల్యూమినియం చుట్టుకుని ఉంది. గుడ్డతో చేతులు తుడుచుకుని, ఏమీ అనకుండా వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాడు. రాత్రి అన్నం సగమే తిన్నాడు.

"నేను ముందే చెప్పాను" అనకూడదని మీకు తెలుసు, నాకూ తెలుసు. నేను అనలేదు. దానికంటే పెద్ద తప్పు ఇంకోటి చేయబోయాను. మర తిరిగి వేసే హెలికాయిల్ కిట్టు ఆ సాయంత్రమే తెచ్చాను. వాళ్ళు పడుకున్నాక రాత్రి పదకొండింటికి గ్యారేజీలోకి వెళ్ళాను, నేనే బాగుచేసి పెట్టేస్తే పొద్దున్నే ఏమీ జరగనట్టు మొదలుపెట్టొచ్చని. నెత్తిన పెట్టుకునే లైటు కూడా తగిలించుకున్నాను. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాక ఆలోచన వచ్చింది. పొద్దున్నే ఆయన వచ్చి అక్కడ కొత్త మర చూస్తే, నేను దాచిపెట్టింది తన తప్పునని తెలుస్తుంది. చిన్నప్పుడు నేను పగలగొట్టిన లాంతరు గ్లాసును ఆయన ఎప్పుడూ నా బదులు అతికించలేదు, పక్కన కూర్చుని నాతోనే మార్పించాడు. డ్రిల్లు కింద పెట్టాను. కిట్టును స్టూలు మీద ఆయనకు కనపడేలా ఉంచి వచ్చి పడుకున్నాను.

పొద్దున ఆరింటికి గ్యారేజీలో చప్పుడు. వెళ్ళేసరికి బాపు కవర్ తీసేసి, క్యామ్‌షాఫ్టుల మీద తుండుగుడ్డ పరిచి, చుట్టూ కాగితం కుక్కి సిద్ధంగా ఉన్నాడు. "లైటు వట్టు" అన్నాడు. పట్టాను, బోల్టుకే పట్టాను. డ్రిల్లు మొనకు, ట్యాపు గాళ్ళకు గ్రీజు దట్టంగా పూశాడు, రజను ఇంజిన్‌లో పడకుండా దానికే అంటుకుంటుందని. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. తర్వాత స్టీలు తీగ చుట్టను మరలోకి ఎక్కించాడు. దాని అడుగున ఒక చిన్న తోక ఉంటుంది, ఎక్కించడానికి పట్టు కోసం. పని కాగానే దాన్ని విరిచి తీసెయ్యాలి. విరిచి, అయస్కాంతంతో పైకి లాగి, అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. "ఇది దొరికిందాక ఇంజిన్ ముయ్యద్దు." కొత్త మర పాతదానికంటే గట్టిది. బోల్టు బిగించే ముందు చెయ్యి చాపి "ఆ గేజి పానా ఇటియ్యి" అన్నాడు. నేను మొహం అటు తిప్పుకుని ఇచ్చాను.

అందుకని నా మాట ఇది: ఎవరు చెడగొట్టింది వాళ్ళనే బాగుచేయనివ్వండి. కావలసిన సామాను చేతికందేలా పెట్టి పక్కకు తప్పుకోండి. ప్రేమతోనైనా సరే, రాత్రికి రాత్రి వాళ్ళ తప్పును మాయం చేయకండి. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పను. తండ్రితో పాతికేళ్ళ పగ ఉన్నవాళ్ళకు టైమింగ్ బెల్టు రాజీ కుదర్చదు, అలాంటి ఆశతో బోనెట్ ఎత్తకండి.

చివరి పని హెడ్ వెనక కారే ఆయిల్. అక్కడ ఇగ్నిషన్‌కు వేళ చెప్పే సెన్సార్ ఒకటి ఉంటుంది, దాని రబ్బరు రింగు ముదిరి గట్టిపడితే చుక్కలు మొదలవుతాయి. రింగు ఖరీదు నామమాత్రం, అది ఉన్న చోటే తంటా. క్యాబిన్ గోడకూ ఇంజిన్‌కూ మధ్య సందులో ఒకే ఒక్క బోల్టు, కంటికి ఆనదు, వేళ్ళతో వెతుక్కోవాలి. విప్పేముందు సెన్సార్ ఏ స్థానంలో ఉందో గీత పెట్టుకోవాలి, అది కొంచెం తిరిగినా టైమింగ్ మారిపోతుంది.

బాపు చెయ్యి దూర్చాడు. మణికట్టు దాటి పోలేదు. రెండోసారి ప్రయత్నించినప్పుడు వేళ్ళు సన్నగా వణకడం చూశాను, చూడనట్టు ఇడ్లీ ప్లేటులో బోల్టులు సర్దాను. నెత్తి లైటు గోడకు వేలాడుతోంది. అది పెట్టుకుంటే ఈ పని నేనొక్కదాన్నే చేసుకోగలను. తీసి సొరుగులో వేశాను. ఈ ఖర్చు మీకు తప్పిస్తాను: ఇద్దరు చేసే పనికి నెత్తి లైటు కొనకండి.

బాపు చెయ్యి బయటికి తీసి, మోచేతి దాకా అంటిన మసి తుడుచుకున్నాడు. "నీ చెయ్యి సన్నగున్నది, నువ్వు వెట్టు" అని టార్చి తను తీసుకున్నాడు. బోనెట్ మీదికి వంగి నేను బోల్టు తడుముతున్నాను. లైటు కాసేపు సందులో ఉంది, కాసేపటికి నా మొహం మీదికి వచ్చింది. తలెత్తి, అనబోయి, నాలుక కరుచుకున్నాను. ఆయన బోల్టును చూడటం లేదు.

"బాపూ, లైటు" అన్నాను.

"ఆఁ, ఆఁ" అని సందులోకి తిప్పాడు.

వాళ్ళు వెళ్ళే వారం ముందు టాపు మడిచి, బాపును పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరు దాటించాను. అంత కిందికి దిగి కూర్చోవడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, తలుపు పట్టుకుని మూడు విడతలుగా దిగాడు. నేను పాట పెట్టబోతే వద్దన్నాడు, ఇంజిన్ వినాలట.

ఇడ్లీ స్టాండు కడగబోతే మూడో ప్లేటులో ఒక పదో నంబరు బోల్టు మిగిలి కనిపించింది. ఇద్దరం రెండు రోజులు వెతికాం, అది ఎక్కడిదో దొరకలేదు. బండి శుభ్రంగా నడుస్తోంది, చుక్క కారడం లేదు. బోల్టు ఇంకా ఆ గుంటలోనే ఉంది. ప్రతి ఆదివారం కరీంనగర్ నుంచి ఫోన్ రాగానే ఆయన అడిగే మొదటి మాట: "దొరికిందా?"